బడాయి అంటే పొగరేనా?

హైదరాబాదుకు వచ్చాక 'బడాయి' అనే మాట తరచుగా వినబడుతోందని, అది 'పొగరు'కు మరో పేరేనా అని అడిగారు. ఇంట్లో తెలుగు, వీధిలో దక్కనీ ఉర్దూ వింటూ చిక్కడపల్లిలో పెరిగినవాడిగా చెబుతున్నాను: రెండూ ఒకటి కావు.

బడాయి నోటితో చేసే పని. 'బడా' నుంచి పుట్టిన ఈ మాటకు ఉర్దూలో గొప్పతనం, పొగడ్త అనే అర్థాలు కూడా ఉన్నాయి; తెలుగులో మాత్రం తన గొప్ప తానే చెప్పుకోవడం ఒక్కటే మిగిలింది. కాబట్టి బడాయికి వినేవాడొకడు ఉండి తీరాలి. పొగరు పెదవి విప్పని మనిషిలోనూ ఉంటుంది. దాని చుట్టాలైన కొవ్వెక్కడం, ఒళ్లు బలవడం, కండకావరం అన్నీ ఒంటికి అంటగట్టిన మాటలే. పొగరుబోతులోని 'పోతు' కూడా పశువుల్లో మగదాని పేరే. (గప్పాలు వేరు. గప్పాలకు కల్పన కావాలి, బడాయి నిజమైన సంగతితోనూ కొట్టవచ్చు.)

ఎదుటివారితో అనేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. నారాయణగూడలోని ఒక ఇరానీ హోటల్లో మా మిత్రుడొకడు కారు తాళాలు నలుగురికీ కనబడేట్టు బల్ల మీద పెట్టి, కోకాపేటలో తాను కొనబోయే ఫ్లాటు నుంచి గండిపేట చెరువు ఎలా కనబడుతుందో వర్ణిస్తుంటే, పక్కవాడు ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచుతూ "ఊకోరా, ఇంక బుకింగే కాలే, గింత బడాయెందుకు?" అన్నాడు. అందరితో పాటు అతడూ నవ్వేశాడు. "బలిసిందారా నీకు?" అని ఉంటే చాయ్ సగంలో వదిలి లేచిపోయేవాడు. 'బడాయికోరు' అంటే మాత్రం కాస్త ఘాటు. ముఖం మీద అనడం తక్కువ.

నన్నడిగితే, 'పొగరు'ను మనం మరీ విచ్చలవిడిగా వాడుతున్నాం. మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒకామె తన పని తాను చేసుకుంటూ, భోజనాల వేళ ఎవరి ముచ్చట్లలోనూ కలవకపోయేసరికి, వారం తిరగకముందే ఆమెకు పొగరని తేల్చేశారు. అదే గదిలో పూటకోసారి తన జీతం పెరిగిన సంగతి వినిపించే పెద్దమనిషిని మాత్రం "కొంచెం బడాయి గానీ, మంచోడే" అని సరిపెట్టుకున్నారు.