పక్క తోటలో బొప్పాయి వైరస్ ఉంటే మందు కొట్టి ఆపగలమా?

పక్క తోటలో రింగ్‌స్పాట్ (కాయల మీద ఉంగరాల్లాంటి మచ్చలు తెచ్చే వైరస్ తెగులు) వచ్చింది, 4 నెలల మా బొప్పాయికి సోకకుండా ఏ మందు కొట్టాలి అని అడిగారు. ఆ మందులకు నేను చాలా డబ్బు పోశాను. దయచేసి మీరు వాటి మీద ఆశ పెట్టుకోకండి.

ఈ వైరస్‌ను మోసేది పేనుబంక అనే రసం పీల్చే చిన్న పురుగు. కానీ అది బొప్పాయి మీద కాపురం పెట్టదు. ఎక్కడినుంచో ఎగిరొచ్చి, ఆకును ఒకసారి గుచ్చి చూసి, నచ్చక పక్క చెట్టుకు పోతుంది. ఆ కొద్ది క్షణాలే వైరస్ అంటడానికి చాలు. మందుకు పురుగు చచ్చేలోపే చెట్టుకు అంటించేసి ఉంటుంది. అందుకే ఆకు తిప్పి చూస్తే పురుగు కనిపించదు, తోట మాత్రం పోతూ ఉంటుంది.

మాది ఎకరన్నర, రెడ్ లేడీ రకం. మొదట రెండే చెట్లకు లేత ఆకులు పసుపు తిరిగి ముడుచుకున్నాయి. కాడల మీద నూనె పూసినట్టు ముదురాకుపచ్చ గీతలు. పిందె బాగా పట్టింది కదా, పీకడానికి చేయి రాలేదు. పోషకాల లోపమేమో అనుకుని జింకు, బోరాన్ కొట్టాను. రెండు నెలల్లో ఆ మూలంతా అంటుకుంది. కాయల మీద ఉంగరాల్లాంటి మచ్చలు, లోపల తీపి లేదు, కొనేవాళ్లు చూసి వెనక్కి పోయారు. ఆ రెండు చెట్లూ ఆ రోజే పీకి ఉంటే అని ఇప్పటికీ బాధపడతాను.

తర్వాతి తోటకు వల కింద పెంచిన నారే తెచ్చాను. విత్తనంతో ఈ తెగులు రాదు గానీ, ఆరుబయట పెంచిన నారుతో వచ్చేస్తుంది. నాటడానికి నెల ముందే చుట్టూ మొక్కజొన్న రెండు వరసలు వేశాను. ఎగిరొచ్చే పేనుబంక ముందు దాన్ని గుచ్చితే మూతికున్న వైరస్ అక్కడే పోతుంది, మొక్కజొన్నకు ఈ తెగులు రాదు. దోస, గుమ్మడి, పుచ్చ లాంటివి దగ్గర్లో వేయలేదు, వాటిలో ఇది బతుకుతుంది. ఈసారీ కొన్ని చెట్లకు వచ్చింది, కానీ ఏడాది దాటి కాయ కోశాను.

మీరు ఇప్పుడైనా గట్టు వెంట మొక్కజొన్న వేయండి. మూడు రోజులకోసారి ప్రతి వరసా తిరిగి చూడండి, అనుమానం వచ్చిన చెట్టును అదే రోజు పీకి పూడ్చేయండి. అన్నిటికంటే ముందు పక్క రైతుతో కూర్చుని మాట్లాడండి. తెగులు చెట్లు అక్కడ నిలబడి ఉన్నంతకాలం మీకూ వస్తూనే ఉంటుంది. మా పక్కాయన మొదట ఒప్పుకోలేదు. పీకే కూలి సగం నేను పెట్టుకుంటానన్నాక మర్నాడే మనుషుల్ని పిలిచాడు.