మూడో తరగతి గడప దగ్గర

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

చిన్నపిల్లలకు చదవడం ఎలా నేర్పాలన్న విషయంపై అమెరికా రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటిగా చట్టాలు చేస్తున్నాయి. వాటి గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని ఈ సంచికకు తీసుకున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి కుటుంబం అలబామాలో ఉంటుంది. మనవడు అక్కడి గవర్నమెంటు బడిలో మూడో తరగతికి వచ్చాడు. ఏడాది చివర చదవడంలో పరీక్ష పెడతారనీ, తప్పితే మళ్లీ అదే తరగతిలో కూర్చోబెడతారనీ బడి నుంచి ఉత్తరం వచ్చిందట. ఎనిమిదేళ్ల పసివాడి మీద చట్టమేమిటండీ? మా రోజుల్లో ఇవన్నీ పంతులుగారే చూసుకునేవారు కదా?
– ఒక అమ్మమ్మగారు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు మీ మనవడి సంగతి చెబుతాను. అలబామా 2019లో చేసిన అక్షరాస్యతా చట్టంలో మూడో తరగతి చివర పిల్లలను ఆపే నిబంధన ఉన్న మాట నిజమే; వాయిదాలు పడి, పడి, అది 2023-24 విద్యాసంవత్సరంలో అమల్లోకి వచ్చింది. అయితే ఒక్క పూట రాసిన పరీక్షతో పిల్లవాడి భవిష్యత్తు తేల్చేయరు. మార్కులు తక్కువ వస్తే వేసవిలో ప్రత్యేక తరగతులు పెడతారు, ఆ తర్వాత మళ్లీ పరీక్ష రాయనిస్తారు, అప్పటికీ కుదరకపోతే ఏడాది పొడవునా వాడు చేసిన పనినంతా ఒకచోట చేర్చి చూపించి పై తరగతికి వెళ్లే దారి కూడా ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల్లోనూ, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకుంటున్న పిల్లల్లోనూ కొందరికి మినహాయింపులున్నాయి. మీ అమ్మాయి ఆ ఉత్తరాన్ని సొరుగులో పడేయకుండా, మనవడు ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నాడో టీచరును అడిగి తెలుసుకోవడం మేలు.

ఇక పంతులుగారి మాట. మీ బడిలో ‘కకు తలకట్టిస్తే క, దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి’ అని వల్లె వేయించే ఉంటారు. విసుగనిపించే ఆ వల్లెలో గట్టి పద్ధతి ఒకటి ఉంది: రాతలో ఏ గుర్తు మారితే నోట్లో ఏ ధ్వని మారుతుందో విడమరిచి చెప్పి, ఊహకు ఏమీ వదలకపోవడం. ఇంగ్లీషుకు ఆ విడమరపు ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే అక్కడ 26 అక్షరాలతోనే దాదాపు 44 ధ్వనులను నెట్టుకురావాలి. ‘షిప్’ అన్న మాటను ఇంగ్లీషులో రాస్తే అక్షరాలు నాలుగు, ధ్వనులు మూడే; ఎస్, హెచ్ రెండూ కలిసి ఒక్క ‘ష్’ అవుతాయని ఎవరో ఒకరు చెప్పకపోతే పిల్లవాడికి తనంతట తాను తోచదు.

విచిత్రమేమిటంటే, అంత అవసరమున్న చోటే దాన్ని చాలా ఏళ్ల పాటు పక్కన పెట్టారు. మాట్లాడటం వచ్చినంత సహజంగా చదవడమూ వస్తుందనే భావనతో హోల్ లాంగ్వేజ్ అన్న పద్ధతి 1980లలో బాగా వ్యాపించింది. తర్వాత దానికి కొద్దిపాటి ధ్వని పాఠాలు జోడించి బ్యాలెన్స్‌డ్ లిటరసీ అని పేరు పెట్టారు. తెలియని మాట ఎదురైతే బొమ్మ చూడు, వాక్యంలో ఏ మాట ఇముడుతుందో ఆలోచించు, మొదటి అక్షరం చూసి ఊహించు అని నేర్పడం అందులో ముఖ్య భాగం.

దాని ఫలితం ఎలా ఉంటుందో మీరే ఇంట్లో కూర్చుని చూడవచ్చు. వీడియో కాల్‌లో మనవడి చేత ఒక పేజీ చదివించండి. కింద ‘పప్పీ’ అని ఉన్నచోట, పైన కుక్కపిల్ల బొమ్మ చూసి వాడు తడుముకోకుండా ‘డాగ్’ అన్నాడనుకోండి, ‘అర్థం కుదిరింది కదా’ అని ఆ పద్ధతిలో శిక్షణ పొందిన టీచరు ముందుకు సాగిపోయే అవకాశం ఉంది. మీరు మాత్రం అమ్మాయిని ఆ బొమ్మ మీద అరచెయ్యి పెట్టమనండి. వాడి కళ్లు అక్షరాల మీదికి దిగితే సంతోషం. అమ్మ ముఖంలోకి చూశాడంటే అప్పటిదాకా ఊహిస్తూ వచ్చాడన్నమాట.

అమెరికా కాంగ్రెస్ 1997లో ఏర్పాటు చేయించిన నేషనల్ రీడింగ్ ప్యానెల్, 2000లో ఇచ్చిన నివేదికలో, మాటలోని ధ్వనులను విడదీసి గుర్తించడం, అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధం, ధారాళంగా చదవడం, పదసంపద, అర్థగ్రహణం అనే ఐదింటినీ నేర్పాలని తేల్చింది. అయినా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలల్లోనూ, బడులు కొనే పుస్తకాల్లోనూ పాత అలవాటు చాలా చోట్ల అలాగే ఉండిపోయింది. బడుల్లో ఏం బోధించాలో కేంద్రం శాసించడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. అందుకే ఆ భారం రాష్ట్రాల మీద పడి, 2013 నుంచి ఇప్పటికి దాదాపు 40 రాష్ట్రాలు ఏదో ఒక రూపంలో చట్టం చేశాయి. లూసియానా, ఆర్కన్సా, ఇండియానా వంటివి బొమ్మలూ సందర్భమూ చూసి మాటను ఊహించడం నేర్పే పద్ధతిని నిషేధించేదాకా వెళ్లాయి. ఒక పాఠాన్ని ఎలా చెప్పకూడదో శాసనసభ ఓటు వేసి తేల్చడం నాకూ ఇబ్బందిగానే ఉంటుంది. కానీ నివేదిక వచ్చి పదేళ్లు గడిచినా తరగతి గది కదలనప్పుడు, కదిలించేందుకు శాసనసభ చేతిలో ఉన్న సాధనం అదే.

ప్రశ్న: మిసిసిపీ రాష్ట్రం చదువులో అట్టడుగు నుంచి పైకి ఎగబాకిందని వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. నేను లెక్కల మనిషిని. చదవలేని పిల్లలను మూడో తరగతిలోనే ఆపేస్తే నాలుగో తరగతి సగటు దానంతటదే పెరగదా? ఇది చట్టం గొప్పతనమా, అంకెల గారడీయా?
– ఒక ఇంజినీరు, డాలస్

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే, దాన్ని అక్కడి పండితులూ లేవనెత్తారు. మిసిసిపీ 2013లో చేసిన చట్టంలోనూ చదవలేని పిల్లలను మూడో తరగతి చివర ఆపే నిబంధన ఉంది. ముందు అంకెలు చూద్దాం. నేప్ అని పిలిచే జాతీయ పరీక్షలో నాలుగో తరగతి చదవడానికి సంబంధించి మిసిసిపీ సగటు 2013లో 209, దేశంలోని ప్రభుత్వ బడుల సగటు 221. 2019లో రెండూ 219 దగ్గర కలిశాయి. 2024లో మిసిసిపీ 219 దగ్గరే నిలబడింది, దేశం 214కు జారిపోయింది. అంటే 49వ స్థానం నుంచి 9వ స్థానానికి వచ్చిన ప్రయాణంలో సగం మిసిసిపీ ఎక్కిన మెట్లు, సగం కోవిడ్ తర్వాత మిగతావాళ్లు దిగిన మెట్లు. వాట్సాప్ సందేశంలో ఈ రెండో సగం కనిపించదు.

ఇక ఆపేయడం గురించి. ఆగిన పిల్లలు మాయమైపోరు, మరుసటి ఏడాది వాళ్లూ నాలుగో తరగతికి వస్తారు, ఆ ఏడాది లెక్కలో చేరతారు. ఒక ఏడాది వయసు ఎక్కువ ఉండటం వల్ల సగటుకు కొంత లాభం కలుగుతుందన్నది ఒప్పుకోవలసిందే. అయితే ఈ చట్టానికి ముందు కూడా పిల్లలను తరగతిలో ఆపడంలో మిసిసిపీ వెనకబడి ఏమీ లేదు, అప్పుడు ఈ లాభం ఎందుకు కనిపించలేదన్నది ఎదురు ప్రశ్న. బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు ఆగిన పిల్లలను, కొద్దిపాటి మార్కుల తేడాతో గట్టెక్కిన పిల్లలతో పోల్చి చూసినప్పుడు, ఆగినవాళ్లు ఆరో తరగతికి వచ్చేసరికి ఇంగ్లీషులో మెరుగైన మార్కులు తెచ్చుకున్నట్టు తేలింది. కాబట్టి గారడీ అని కొట్టిపారేయలేం. అద్భుతం అన్న మాటను మాత్రం నేను వాడను, ఎందుకంటే ఎనిమిదో తరగతి చదువులో ఆ రాష్ట్రం ఇప్పటికీ దేశ సగటుకు కిందే ఉంది.

నాకు ముఖ్యమనిపించేది మరొకటి. 2013లో గవర్నర్ ఫిల్ బ్రయంట్ సంతకం చేసిన ఆ చట్టం గురించి మాట్లాడేవాళ్లంతా ‘మూడో తరగతి గడప’ దగ్గరే, అంటే ఆ ఆపే నిబంధన దగ్గరే ఆగిపోతారు. గడప దాటించే పని అంతకు ముందు నాలుగేళ్లలో జరుగుతుంది. కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి దాకా ప్రతి పిల్లవాడినీ ఏడాదికి మూడుసార్లు పరీక్షించి చూడాలి. వెనకబడినట్టు తెలిస్తే తల్లిదండ్రులకు ఉత్తరం రాయాలి. చిన్న తరగతుల టీచర్లకు చదవడం వెనక ఉన్న శాస్త్రంలో సుదీర్ఘ శిక్షణ ఇచ్చారు. 2016 నుంచి కొత్తగా చేరే ప్రాథమిక ఉపాధ్యాయులు ఆ విషయంలో ప్రత్యేక పరీక్ష పాసవ్వాలన్నారు. అన్నిటికన్నా ఫలితాలు బలహీనంగా ఉన్న బడులకు రాష్ట్ర విద్యాశాఖే తన జీతంతో కోచ్‌లను పంపింది. ఆ కోచ్ తనిఖీ అధికారి కాడు. తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుంటాడు, ఒక పాఠం తానే చెప్పి చూపిస్తాడు, బెల్లు కొట్టాక టీచరుతో కూర్చుని ‘ఆ మూడో వరస అమ్మాయి ధ్వనులను కలపలేకపోతోంది, రేపు ఇలా చేద్దాం’ అంటాడు. దీని కోసం ఏటా సుమారు కోటీ యాభై లక్షల డాలర్లు కేటాయించారు. పేద రాష్ట్రానికి అది చిన్న మొత్తం కాదు, కానీ విద్యా బడ్జెట్టంతటితో పోలిస్తే కొండంత భారమూ కాదు.

ఆపేసే నిబంధన పిల్లల మీద కన్నా పెద్దవాళ్ల మీద ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం. మూడో తరగతి చివర జవాబు చెప్పుకోవాలని తెలిశాక ప్రధానోపాధ్యాయుడు ఒకటో తరగతికి తన మంచి టీచరును వేస్తాడు. మిషిగన్ కూడా 2016లో ఇలాంటి చట్టమే చేసి, ఆపే నిబంధనను 2023లో రద్దు చేసుకుంది. ఇలాంటి చట్టాలన్నిటినీ కలిపి చూసిన మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులకు, ఆపే నిబంధన ఉన్న చోట్లే లాభం ఎక్కువగా కనబడింది. అంత మాత్రాన ఆ ఒక్క వాక్యాన్ని కత్తిరించి తెచ్చుకుంటే పనిచేస్తుందని ఆ పరిశోధన చెప్పడం లేదు.

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో ఉంటాం. పాప కిండర్‌గార్టెన్. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. కొత్త చట్టాల ప్రకారం ఇంగ్లీషు ధ్వనులు నేర్పుతారట. ఇంట్లో కూడా ఇంగ్లీషుకు మారిపోమంటారా?
– ఒక తల్లి, ఫ్రీమాంట్

జవాబు: మారవద్దు. అక్షరాలను ధ్వనులుగా మార్చగలగడం, ఆ మాటల అర్థం తెలియడం – చదవడానికి ఈ రెండూ కావాలని పరిశోధకులు గఫ్, టన్మర్ 1986లోనే చెప్పారు. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. మొదటిది బడి నేర్పుతుంది. రెండోదానికి మీరు తెలుగులో చెప్పే కథలు, పాప అడిగే ప్రశ్నలు, వంటింట్లో మాటలు అన్నీ పెట్టుబడే. మీ రాష్ట్రంలో ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు ధ్వని పాఠాలు ఒక్కటే సరిపోవని పట్టుబట్టినవాళ్ల వల్లా, ఉపాధ్యాయ సంఘం అభ్యంతరం వల్లా 2024లో ఈ పద్ధతిని తప్పనిసరి చేసే ఒక బిల్లు ఆగిపోయింది. 2025లో వచ్చిన చట్టం అందుకే బలవంతం తగ్గించి, శిక్షణకూ పుస్తకాల ఎంపికకూ ప్రాధాన్యం ఇచ్చింది. ఒక్క చిన్న పని మాత్రం చేయండి: తెలుగు చెవికి ‘క’ ఒకే ముక్కగా వినిపిస్తుంది, ఇంగ్లీషు బడి అందులోని ‘క్’ను విడిగా వినమంటుంది. ‘కప్ప’లోంచి ‘క్’ తీసి ‘చ్’ పెడితే ఏమవుతుందని పాపను అడగండి. ‘చప్ప’ అని నవ్వుతుంది. ఆ ఆట ఏ భాషలో ఆడినా రెండో భాషకు పనికొస్తుంది.

ప్రశ్న: ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. మూడో తరగతికి వచ్చినా పేరా చదవలేని పిల్లలు నా తరగతిలో ఉన్నారు. మన దగ్గరా ఇలాంటి చట్టం తెస్తే బాగుండదా?
– ఒక ఉపాధ్యాయుడు, వరంగల్ జిల్లా

జవాబు: మీ తరగతి ఒక్కటే అలా లేదు. పిల్లల చదువు స్థాయిని కొలిచే 2024 అసర్ సర్వేలో దేశంలోని ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరచడానికి మనకు 2021లో మొదలైన కేంద్రం నిపుణ్ భారత్ ఉంది, తెలంగాణలో 2022 నుంచి తొలిమెట్టు ఉంది. రెండూ కార్యక్రమాలే, చట్టాలు కావు. విద్యాహక్కు చట్టంలో 2019లో వచ్చిన సవరణ పిల్లలను ఆపే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది, కానీ అది 5, 8 తరగతుల దగ్గర. అప్పటికి ఆలస్యమైపోతుందని మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చునే బడుల్లో మిసిసిపీ గడపను తెచ్చి నిలబెడితే దెబ్బ తగిలేది పిల్లలకే. కోచ్‌ను తేగలిగితే వేరే సంగతి. నిజంగా అలాంటి బిల్లు ఎప్పుడైనా వస్తే, సెక్షన్లు చదివే ముందు చివర జతచేసే ఆర్థిక వివరణ పత్రం తీసి చూడండి. మండలానికి ఎందరు కోచ్‌లు, వారి జీతం ఎంత, బడి నుంచి బడికి తిరగడానికి ప్రయాణ భత్యం ఎంత అన్నది అందులో రాసి ఉందేమో వెతకండి. ఆ పద్దు ఖాళీగా ఉండి, పిల్లలను ఆపే సెక్షను మాత్రం నిండుగా కనిపిస్తే, అభ్యంతరాలు తీసుకునే గడువులోపే మీ సంఘం తరఫున ఉత్తరం రాయండి.