వంత పాడబోతున్న అమ్మాయికి

ఒంగోలు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీవు పాటలన్నీ కంఠతా పట్టి, కచేరీ ఎక్కడ జరిగినా ముందు వరుసలో నిలబడి గొంతు కలిపిన ఆ పంక్ రాక్ బ్యాండు వారే తమ కొత్త పాటలో నాలుగు పంక్తులు పాడమని నిన్ను చెన్నైకి పిలిచారని తెలిసి మీ పెద్దమ్మా నేనూ ఎంతో సంతోషించాము. ఆ సంగీతం నాకు కొత్తదే. అయినా ఇరవై ఏళ్లకు పైగా బుర్రకథ దళంలో వంత పాడినవాడిని గనుక, మరొకరి పాటలోకి అడుగుపెట్టడం ఎలాగో కొంత చెప్పగలను.

ముఖ్యంగా ప్రధాన గాయకుణ్ని అనుకరించవద్దు. అభిమానం ముదిరినప్పుడు మనకు తెలియకుండానే వారి గొంతు మన గొంతులో చేరిపోతుంది. దళంలో చేరిన కొత్తలో మా కథకుడి మీది భక్తితో ఆయన విరుపునూ యాసనూ అచ్చంగా దించేవాడిని. ఒక రాత్రి కథ ముగిశాక ఆయన నన్ను పక్కకు పిలిచి, నేను తందాన అన్నప్పుడల్లా తన గొంతే తనకు తిరిగి వినిపిస్తోందనీ, అలాగైతే పక్కన వంత దేనికనీ అడిగారు. నడుమ కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఆ మూడు గొంతులూ వేరువేరుగా వినిపిస్తేనే కథ రక్తి కడుతుంది. నిన్ను పిలిచినవారికి కావలసింది కూడా జనంలోనుంచి వచ్చే నీ సొంత గొంతేనని నా గట్టి నమ్మకం.

నీవు పంపగా విన్న రామోన్స్ అనే అమెరికా పంక్ రాక్ బృందం తొలి ఆల్బమ్‌లో, 1976 నాటిది, 14 పాటలూ కలిపి అరగంట కూడా లేవు. అంత వేగంలో ఊపిరి ఎక్కడ తీయాలో ముందే గుర్తు పెట్టుకోకపోతే రెండో పంక్తికే గొంతు తడబడుతుంది. నీ పంక్తులు తెలుగులో ఉన్నాయన్నావు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి గనుక, బుర్రకథలో ఆ అచ్చును సాగదీయడం అందమే అయినా, ఇక్కడ సాగదీస్తే తర్వాతి డ్రమ్ము దెబ్బ దాటిపోతుంది. మొదట చప్పట్లు కొడుతూ మాటలను మెల్లగా పలుకు, తరువాత వేగం పెంచు. అరవవలసిన చోట బలం పొట్టలోనుంచి రావాలి. గొంతు నొప్పి పుడితే ఆ పూటకు సాధన ఆపెయ్యి. తిరునాళ్లలో తెల్లవార్లూ పాడి, మరునాడు మాట పెగలని స్థితి నేను ఎరుగుదును.

పినాకిని రైలులో కిటికీ గాలికి కూర్చుని వచ్చి, దిగీదిగగానే స్టూడియోకు వెళ్లవద్దు, ముందురోజే చేరుకో. అక్కడ జనం ఉండరు, హెడ్‌ఫోన్స్‌లో వాద్యాలు మాత్రమే వినిపిస్తాయి గనుక మొదట ఒంటరిగా అనిపిస్తుంది. ఒక చెవి మీదినుంచి హెడ్‌ఫోన్ కాస్త తప్పిస్తే నీ శ్రుతి నీకు తెలుస్తుంది. గట్టిగా అరిచేటప్పుడు మైకుకు కొంచెం వెనక్కి జరుగు. మొదటి టేకు బాగా రాలేదని కుంగిపోకు, ఇంకొకటి అడుగు.

పాట వివరాలలో నీ పేరు ఎలా వేస్తారో బయలుదేరే ముందే మర్యాదగా అడిగి, రాతపూర్వకంగా తెలుసుకో. పాట విడుదల కాగానే మాకు పంపించు. అందులో నీ గొంతు ఎక్కడ మొదలవుతుందో ముందుగా చెప్పవద్దు, నేనే పోల్చుకుంటాను.

ఇట్లు,
మీ పెదనాన్న