పొద్దు గూకకముందే బస అడగండి

హైదరాబాద్ నుంచి శ్రీశైలానికి కాలినడకన వెళ్ళేవారు దారిలో రాత్రులు ఎక్కడ పడుకుంటారు, గదులు ముందుగా బుక్ చేసుకోవచ్చా అని మీరు అడిగారు. శివరాత్రికి ముందు రెండుసార్లు ఆ దారిన నడిచినవాడిగా నేను చెప్పేది ఒక్కటే: గది మాట పక్కనపెట్టి, సాయంత్రం నాలుగు కొట్టకముందే తల దాచుకునే చోటు కోసం విచారించడం మొదలుపెట్టండి. కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి, మన్ననూరు బస్సులో వెళ్ళేవారికి ఒకదాని వెంట ఒకటి వచ్చే ఊళ్ళే గానీ, నడిచేవారికి లాడ్జి ఉన్న ఊరు మధ్యాహ్నమే వచ్చి వెళ్ళిపోతుంది, లేని ఊరి దగ్గర చీకటి పడుతుంది.

మొదటిసారి నేను, శివదీక్షలో ఉన్న మా బావమరిది, అతని స్నేహితులు ఇద్దరు చాంద్రాయణగుట్ట నుంచి తెల్లవారుజామున బయలుదేరాం. బావమరిదికి ఫోన్ మీద ఉన్న నమ్మకం కాళ్ళ మీద లేదు. మూడో రాత్రికని కల్వకుర్తి దాటాక ఒక ఫంక్షన్ హాలులో గది మాట్లాడి, అడ్వాన్సు కూడా పంపాడు. ఆ రోజు మధ్యాహ్నానికే అతని అరికాలు బొబ్బలెక్కి, అడుగు తీసి అడుగు వేయలేక, మేము అక్కడికి చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర అయింది. మర్నాడు పెళ్ళి ఉందనీ, ఆడపెళ్ళివారు ముందే దిగారనీ, గది వాళ్ళకు ఇచ్చేశామనీ కాపలావాడు గేటు తీయకుండానే చెప్పాడు. ఆ అడ్వాన్సు ఈనాటికీ తిరిగి రాలేదు.

అక్కడి నుంచి అర కిలోమీటరు దూరంలో మార్కెట్ యార్డు దీపం కనబడింది. పల్లికాయ సీజన్ కావడంతో రేకుల షెడ్డు కింద బస్తాలు గోడలా పేర్చి ఉన్నాయి. ఒక హమాలీ దబ్బనంతో బస్తా మూతి కుడుతుంటే, పక్కన తూకం వేసే దడ్వాయి బీడీ వెలిగించకుండా పెదవుల మధ్య పెట్టుకొని లెక్క రాసుకుంటున్నాడు. మమ్మల్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "పండుకోండ్రి స్వామీ, గని బస్తాల మీద పండొద్దు, అగ్గిపుల్ల గీయొద్దు" అన్నాడు. బీడీ ఎందుకు వెలిగించలేదో అప్పుడు అర్థమైంది. సిమెంటు గచ్చు మీద ఖాళీ గోనెసంచులు పరచుకొని, వాటి మీద దుప్పట్లు వేసుకొని పడుకున్నాం. పచ్చి పల్లికాయల మట్టి వాసన, దుమ్ముకు బావమరిది తుమ్ములు, తెల్లవార్లూ బస్తాల మధ్య ఎలుకల సందడి ఉన్నా, మాఘమాసపు మంచు మాత్రం మా మీద పడలేదు.

తెల్లవారి ఐదింటికి బయలుదేరబోతుంటే దడ్వాయి ఊరికే మా బావమరిది సంచిని తీసి కాంటా మీద పెట్టాడు. పదకొండు కిలోలు తూగింది. "గింత మోస్కుంట పోతే కాళ్ళేం జేస్తయి?" అంటూ విప్పించాడు. గాలి ఊదుకునే దిండు, రెండు చలి కోట్లు, స్టవ్వు, ఒక బరువైన ఫ్లాస్కు బయటపడ్డాయి. వాటిని మూట కట్టి, నగరానికి వెళ్ళే పల్లికాయ లారీలో వేసి పంపించాడు. అవి మలక్‌పేటలో మా బంధువులకు చేరాయి కూడా. లాడ్జి దొరుకుతుందని నమ్మినవాడే బరువు మోస్తాడని నా అభిప్రాయం. ఎక్కడైనా పడుకుంటానని మనసులో అనుకున్నవాడికి ఒక దుప్పటి, ఒక తువ్వాలు, ఒక ఖాళీ గోనెసంచి సరిపోతాయి.

శివరాత్రి దగ్గరపడిన రోజుల్లో రోడ్డు పొడవునా అన్నదాన శిబిరాలు వెలుస్తాయి. అక్కడ కడుపు నిండా తినండి గానీ నిద్రకు ఆశపడకండి. జనరేటరు ఒకవైపు, మైకు ఒకవైపు రాత్రంతా మోగుతూనే ఉంటాయి. అలసి పడుకున్నవాడి చెవిలో అంత గట్టిగా వినిపిస్తే తప్ప శివుడికి చేరదని ఎవరు చెప్పారో తెలియదు. వాటి కన్నా ఊరి గుడి మండపం, బడి వరండా మేలు. రెండోసారి నా భార్య కూడా నడిచింది కాబట్టి చెబుతున్నాను, ఆడవాళ్ళు ఉన్న బృందం మొదట మరుగుదొడ్డి, నీళ్ళు చూసుకొని, ఆ తరువాతే కప్పు సంగతి చూడాలి. బడిలో ఉండదలిస్తే సర్పంచినో హెడ్మాస్టరునో వెలుతురు ఉండగానే అడగండి. ఒక ఊళ్ళో హెడ్మాస్టరు మాకు వరండా ఇవ్వడానికి వెనుకాడారు. ముందు వెళ్ళినవారు వదిలిన విస్తళ్ళు, నీళ్ళ ప్యాకెట్లు పిల్లల చేత ఎత్తించవలసి వచ్చిందట. ఆయన కోపంలో తప్పేమీ లేదు.

మన్ననూరు నుంచి లెక్క మారుతుంది. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలనే చెక్‌పోస్టు దగ్గర ఆపేస్తారు. కాబట్టి ఇంకో నాలుగు కిలోమీటర్లు నడిచేద్దామన్న పౌరుషం అక్కడ పనికిరాదు. చీకటి పడేలోగా వటవర్లపల్లిలోనో దోమలపెంటలోనో ఉండేలా ఉదయమే లెక్క వేసుకోవాలి. రోడ్డు పక్కన చెట్టు కింద ఎంతమంది పడుకొని కనిపించినా మీరు పడుకోకండి.

చివరి రాత్రి శ్రీశైలంలో. అక్కడ సత్రాలకు కొదవ లేదు గానీ చాలావరకు కులానికి ఒకటిగా ఉంటాయి. మేము వెళ్ళిన మొదటి సత్రంలో గుమస్తా ఊరు అడగలేదు, కాళ్ళ కట్లు చూడలేదు, మొదటి ప్రశ్నగా ఇంటిపేరు అడిగాడు. చెప్పాక గదులు లేవన్నాడు. ఏడు రోజులు నడిచి వచ్చినవాడికి ఆ ప్రశ్న బొబ్బకన్నా ఎక్కువ మండుతుంది. అందుచేత ముందుగా బుక్ చేసుకోవలసిన రాత్రి ఏదైనా ఉంటే అది ఇదొక్కటే. దేవస్థానం గది కోసం బయలుదేరే ముందే ప్రయత్నించండి. తేదీ మాత్రం మీ లెక్క కన్నా ఒక రోజు ఆలస్యంగా పెట్టుకోండి. బృందంలో ఎవరో ఒకరి అరికాలు కల్వకుర్తి దగ్గర తప్పకుండా మొరాయిస్తుంది.