సైకిల్ సందేహాలు: ఎక్కుడు రోడ్డుకి ఇంకా తేలిక గేరు

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. నా రోడ్ బైక్‌కి షిమానో అల్టెగ్రా డీఐ2 (మోటారుతో మారే ఎలక్ట్రానిక్ గేర్లు), 11 స్పీడ్. ముందు 50-34 పళ్ల చైన్‌రింగులు, వెనక 11 నుంచి 28 పళ్ల దాకా చక్రాలున్న 11-28 క్యాసెట్ ఉన్నాయి. 8 శాతం ఎక్కుడు వస్తే చివరి గేరులో కూడా లేచి నిలబడి తొక్కాల్సి వస్తోంది. మర్నాడు మోకాళ్ల నొప్పి. 11-34 క్యాసెట్ వేసుకుంటే సరిపోతుందా? ఎలక్ట్రానిక్ కాబట్టి యాప్‌లో సెట్టింగ్ మారిస్తే ఏ క్యాసెట్‌కైనా సర్దుకుంటుందని తెలిసినాయన చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: యాప్ సంగతి ముందు తేల్చేద్దామమ్మా. అది నిజం కాదు. ఇదివరకు కేబుల్ లాగితే డిరైలర్ (చైన్‌ని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మార్చేది) పక్కకి జరిగేది, ఇప్పుడు మోటారు జరుపుతోంది. తేడా అంతే. డిరైలర్ పై చక్రం క్యాసెట్‌కి ఎంత కిందగా వేలాడుతుంది, వదులైన చైన్‌ని కేజ్ (డిరైలర్ కింద వేలాడే చేయి) ఎంత వెనక్కి లాగి పట్టుకుంటుంది అనేవి ఆ ఇనుము కొలతలు. వాటిని ఏ యాప్ మార్చలేదు.

అందుకే ఏదీ కొనకముందు బండి వెనక కూర్చుని డిరైలర్ మీద మోడల్ నంబరు చదవండి. ఆర్8050 ఎస్ఎస్ అని ఉంటే అది పొట్టి కేజ్, పెద్ద పళ్ల చక్రం 30 దాకానే. జీఎస్ అని ఉంటే అంతకంటే పొడుగు కేజ్, 34 దాకా వెళ్లొచ్చు. అంతకు ముందు తరం 6870 అయితే ఎస్ఎస్‌కి 28, జీఎస్‌కి 32. రెండో లెక్క చైన్ వదులుది. ముందు 50లోంచి 34 తీస్తే 16, వెనక 34లోంచి 11 తీస్తే 23, మొత్తం 39. ఆర్8050 జీఎస్ మోయగలిగింది సరిగ్గా 39, ఎస్ఎస్ మోసేది 35. మీకు 11-28తో వచ్చిందంటే ఎస్ఎస్ అయ్యే అవకాశమే ఎక్కువ. అప్పుడు క్యాసెట్‌తో పాటు డిరైలర్ కూడా మార్చాలి. లీవర్లు, బ్యాటరీ, వైర్లు పాతవే పనిచేస్తాయి. జీఎస్ బదులు, షిమానో మట్టిరోడ్డు బైకుల కోసం చేసే జీఆర్ఎక్స్ రకంలోని ఆర్ఎక్స్815 డిరైలర్ పెట్టుకున్నా 34 పడుతుంది. దానికి కేజ్‌ని బిగువుగా పట్టుకునే క్లచ్ ఉంటుంది కాబట్టి గతుకుల్లో చైన్ ఎగిరిపడదు, నాకైతే అదే ఇష్టం.

ఇంత ఖర్చుకి ఫలితం ఉంటుందా అంటే, ఉంటుంది. 34-28లో పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.55 మీటర్లు పోతుంది. 34-34లో 2.1 మీటర్లే. నిమిషానికి 60 చుట్లు తొక్కితే వేగం గంటకి 9.2 కిలోమీటర్ల నుంచి 7.6కి దిగుతుంది. మీరూ బండీ కలిపి 85 కిలోలు అనుకుంటే, 8 శాతం ఎక్కుడులో బరువుని పైకి లాగడానికే మొదటిదానికి దాదాపు 170 వాట్లు కావాలి, రెండోదానికి 140. ఆ 30 వాట్లే మిమ్మల్ని సీటు మీద కూర్చోనిస్తాయి. మోకాలికి కావాల్సింది అదే.

నష్టం కూడా చెప్పాలి. మీ 11-28లో ఉన్న 12, 14 పళ్లు 11-34లో ఉండవు. 11 తర్వాత 13, ఆపైన 15. చదును రోడ్డు మీద గుంపుతో వెళ్లేటప్పుడు అటూ ఇటూ కాని గేరులో ఉన్నట్టు అనిపిస్తుంది. కొన్నాళ్లకి అలవాటవుతుంది.

బిగించేటప్పుడు మరిచిపోయేవి రెండు. 11 స్పీడ్ రోడ్ హబ్ (వెనక చక్రం మధ్య భాగం) మీద ఈ 11-34 క్యాసెట్ వెనకాల 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ రింగు వేయాలి, లేకపోతే క్యాసెట్ ఊగుతుంది. రెండోది చైన్. పాతది పొట్టిగా ఉంటుంది, దాన్ని ఉంచేయకండి. నేను ఒకసారి పాత చైన్‌తోనే పెద్ద క్యాసెట్ వేసి బయల్దేరాను. ఎక్కుడులో పొరపాటున ముందు పెద్దది, వెనక పెద్దది కలిశాయి. డిరైలర్ ముందుకి సాగిపోయి, దాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ వంగింది. బండిని నడిపించుకుంటూ కిందికి దిగాను. ఆ రోజు నుంచి పెద్ద-పెద్ద మీద చైన్ చుట్టి కొలవకుండా ఏ బండినీ రోడ్డు మీదికి పంపలేదు.

తర్వాత ముందు చిన్నది, వెనక పెద్దది పెట్టి, డిరైలర్ పై చక్రం క్యాసెట్ పళ్లని తాకకుండా, ఆ దూరాన్ని మార్చే బీ స్క్రూ తిప్పండి. చివరగా వైర్లు కలిసే జంక్షన్ పెట్టె మీది బటన్‌ని ఎర్ర లైటు వెలిగేదాకా నొక్కి పట్టుకుని, గేరు బటన్లతో డిరైలర్‌ని చిన్న చిన్న మెట్లుగా జరుపుతూ చప్పుడు పోయేలా సరిచేయండి. ఎలక్ట్రానిక్‌లో నిజంగా సుఖపడేది ఇక్కడే.

అప్పటికీ కష్టంగా ఉంటే ముందు వేసుకోవడానికి 46-30 క్రాంక్ (పెడళ్లూ చైన్‌రింగులూ బిగించే భాగం) ఉంది. 30-34లో చుట్టుకి 1.85 మీటర్లే. అయితే ముందు డిరైలర్‌ని కిందికి దించాలి, దానికి ఫ్రేమ్‌లో చోటుందో లేదో చూసుకోవాలి. జీఆర్ఎక్స్ క్రాంకులో చైన్‌రింగులు 2.5 మిల్లీమీటర్లు బయటికి ఉంటాయి కాబట్టి దాని సొంత ముందు డిరైలర్ కూడా కొనాల్సి వస్తుంది. ముందు క్యాసెట్ మార్చి ఒక నెల తొక్కి చూడండి.

ప్రశ్న: నా రోడ్ బైక్‌కి స్రామ్ ఈట్యాప్ ఏఎక్స్ఎస్ వైర్‌లెస్ గేర్లు ఉన్నాయి. మౌంటెన్ బైక్ క్యాసెట్ పెట్టొచ్చా?
– మరో పాఠకుడు

జవాబు: పెట్టొచ్చు. రోడ్ లీవర్లతోనే స్రామ్ వాళ్ల మౌంటెన్ బైక్ డిరైలర్ ఈగల్ ఏఎక్స్ఎస్ పనిచేస్తుంది, 10-50 క్యాసెట్ పడుతుంది. చైన్ కూడా ఈగల్‌దే వేయాలి, ముందు ఒక్క చైన్‌రింగే ఉండాలి. అక్కడ 40 పళ్లది వేస్తే చివరి గేరు 40-50, అంటే చుట్టుకి 1.7 మీటర్లు. నిట్టనిలువు ఎక్కుళ్లు మీకు రోజూ ఉంటేనే ఇంత దూరం వెళ్లండి. లేదంటే ముందు మీ డిరైలర్ 36 పళ్ల దాకా తీసుకుంటుందేమో చూడండి. తీసుకుంటే 10-36 క్యాసెట్, సరిపడా పొడుగు చైన్ చాలు, ముందు రెండు చైన్‌రింగులూ అలాగే ఉంటాయి.