తక్కువ ధరలో మన అభిరుచికి తగిన హెడ్‌ఫోన్‌ను ఎలా ఎంచుకోవాలి?

ధరనో, డబ్బాపై ముద్రించిన అంకెలనో కాక, మీరు ఎక్కువగా ఏమి వింటారు, ఎక్కడ వింటారు అన్నదాన్ని బట్టి హెడ్‌ఫోన్‌ను ఎంచుకోవాలి. ఒక్కో తయారీదారు మంద్ర (బాస్), మధ్య, తార స్థాయులను ఒక్కో పాళ్లలో కలుపుతాడు కనుక, ఒకరికి ఇంపైన ధ్వని మరొకరికి హోరుగా తోచవచ్చు. ఉదాహరణకు, కర్నూలు నుండి కడపకు బస్సులో వెళ్తూ అన్నమయ్య కీర్తనలు వినేవారికి గాత్రం పలికే మధ్యస్థాయి స్పష్టంగా ఉండాలి. ఇంజన్ రొద మంద్రస్థాయిని మింగేస్తుంది కనుక, చెవిరంధ్రాన్ని బిగువుగా మూసే సిలికాన్ తొడుగులున్న ఇయర్‌ఫోన్ వారికి నప్పుతుంది. తొడుగు వదులైతే ఖరీదైనదానిలోనూ బాస్ పలచబడుతుంది. అయినా డబ్బాలో వచ్చే వేరే కొలతల తొడుగులను చాలామంది ముట్టుకోనే ముట్టుకోరు. 20 నుండి 20,000 హెర్ట్జ్ అని రాసి ఉంటే నాణ్యత ఎక్కువన్నది అపోహ. అది మనిషి వినికిడి పరిధిని సూచిస్తుందే గానీ, అందులో ఏ స్థాయి ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పదు.