రాస్‌బెర్రీ పై 2లో పలికిన మోడ్‌బస్ మీటర్ రాస్‌బెర్రీ పై 3లో ఎందుకు పలకదు?

మోడ్‌బస్ (సీరియల్ లైన్ మీద పరికరాలు మాట్లాడుకునే పద్ధతి) మీటర్ ఒకటి రాస్‌బెర్రీ పై 2లో 9600 బాడ్ (సెకనుకు అన్ని బిట్లు), ఈవెన్ పారిటీతో (బైటు వెంట వెళ్లే తనిఖీ బిట్) చక్కగా జవాబిచ్చేదనీ, అదే మెమరీ కార్డు పై 3లో పెట్టగానే నోరు మెదపడం లేదనీ ఒకరు అడిగారు. ప్రోగ్రామ్ జోలికి వెళ్లకండి, తేడా బోర్డులోనే ఉంది.

2016లో వచ్చిన పై 3లో బ్లూటూత్ చేరింది. చిప్‌లో యూఆర్ట్‌లు (సీరియల్ పోర్టుని నడిపే భాగాలు) మాత్రం ఎప్పటిలాగే రెండే: పూర్తిస్థాయి పీఎల్011 ఒకటి, మినీ యూఆర్ట్ ఒకటి. పై 2లో 8, 10 పిన్నుల మీద పీఎల్011 ఉండేది, పేరు టీటీవైఏఎంఏ0. పై 3లో దాన్ని బ్లూటూత్‌కి ఇచ్చేసి, పిన్నులకు మినీని (టీటీవైఎస్0) తగిలించారు. ఈ మినీకి పారిటీ అసలు లేదు. మోడ్‌బస్‌కి సీరియల్ రూపమైన ఆర్‌టీయూలో ఈవెన్ పారిటీయే డిఫాల్ట్. ప్రోగ్రామ్‌లో మీరేం అడిగినా పారిటీ బిట్ బయటికి వెళ్లదు, మీటర్ ఆ ఫ్రేమ్‌ని పారేస్తుంది.

పైగా మినీ బాడ్ రేటు కోర్ క్లాక్ నుంచి పుడుతుంది. క్లాక్ మారితే బాడ్ జారి చెత్త అక్షరాలు వస్తాయి. బోర్డు సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్లో ఎనేబుల్_యూఆర్ట్=1 పెడితే క్లాక్ 250 మెగాహెర్ట్జ్ దగ్గర నిలుస్తుంది, చెత్త పోతుంది. పారిటీ మాత్రం రాదు. ఆ ఒక్క లైను చాలనేవాళ్లు జీపీఎస్ లాంటి పారిటీ లేని పరికరాలే వాడి ఉంటారు.

నేనైతే బ్లూటూత్‌ని తీసేసి పీఎల్011ని వెనక్కి తెచ్చుకుంటాను. ముందు రాస్పీ-కాన్ఫిగ్ అనే సెట్టింగుల ప్రోగ్రామ్‌లో ఇంటర్‌ఫేస్ ఆప్షన్స్, అందులో సీరియల్ పోర్ట్. లాగిన్ షెల్ కావాలా అంటే నో, హార్డ్‌వేర్ కావాలా అంటే యెస్. మొదటిదానికి యెస్ అంటే బూట్ సందేశాలూ లాగిన్ ప్రాంప్టూ మీటర్ లైన్లోకి పోతాయి. తర్వాత కాన్ఫిగ్ ఫైల్ చివర డీటీఓవర్‌లే=డిజేబుల్-బీటీ చేర్చండి. అది అన్ని బోర్డులకూ వర్తించే [ఆల్] విభాగం కింద ఉండాలి. [పై4] కింద పడితే పై 3 దాన్ని పట్టించుకోదు. ఫైల్ ఎక్కడుందని వెతక్కండి: 2023 నాటి బుక్‌వార్మ్ అనే ఓఎస్ వెర్షన్ నుంచి అది బూట్‌లోని ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో ఉంటుంది, అంతకు ముందు నేరుగా బూట్‌లో. బ్లూటూత్‌ని నడిపే హెచ్‌సీఐయూఆర్ట్ సర్వీస్ ఉంటే డిజేబుల్ చేసి రీబూట్ చేయండి. సీరియల్0 (ముఖ్య సీరియల్ పోర్టుకి మారుపేరు) ఇప్పుడు టీటీవైఏఎంఏ0ని చూపాలి. ప్రోగ్రామ్‌లో సీరియల్0 అనే రాసుకుంటే రేపు పై 4కి మారినా గొడవ ఉండదు. పర్మిషన్ లేదంటే యూజర్‌ని డయల్ఔట్ గ్రూప్‌లో చేర్చి మళ్లీ లాగిన్ అవ్వాలి.

బ్లూటూత్ తప్పదనుకుంటే డిజేబుల్-బీటీ బదులు మినీయూఆర్ట్-బీటీ పెట్టి, కోర్_ఫ్రీక్=250 చేర్చండి. బ్లూటూత్ వేగం మీద ఆశ పెట్టుకోకండి.

8, 10 పిన్నుల్ని జంపర్‌తో కలిపి మినీకామ్ అనే సీరియల్ టెర్మినల్ ప్రోగ్రామ్‌లో టైప్ చేస్తే అక్షరాలు తిరిగి రావాలి. హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆపడం మర్చిపోవద్దు, అది ఆన్‌లో ఉంటే ఏమీ వెళ్లదు. ఈ పరీక్షని మరీ నమ్మకండి: పంపేదీ అందుకునేదీ ఒకే క్లాక్ కాబట్టి బాడ్ తప్పినా అక్షరాలు సరిగానే వస్తాయి.

ఇక వైరింగ్. రాస్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులవి. మీటర్ లైనునీ బోర్డునీ కలిపే, 5 వోల్టులతో నడిచే మ్యాక్స్485 మాడ్యూల్ ఆర్‌ఓ (మీటర్ నుంచి అందుకున్నది బోర్డుకిచ్చే) పిన్నుని నేరుగా 10వ పిన్నుకి కలిపితే బోర్డు పిన్ను (జీపీఐఓ) కాలిపోవచ్చు. 3.3 వోల్టుల మ్యాక్స్3485 మేలు. లేదంటే మధ్యలో 1 కిలోఓమ్, 2 కిలోఓమ్ రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించే డివైడర్ వేయండి.

మాడ్యూల్‌లో పంపడాన్ని ఆన్ చేసే డీఈ పిన్నుని మీరే నడుపుతుంటే ఇంకో ఉచ్చు ఉంది. రైట్ ఫంక్షన్ తిరిగొచ్చిందంటే బైట్లు వెళ్లిపోయాయని కాదు, అవి ఇంకా బఫర్‌లోనే ఉండొచ్చు. 8 బైట్ల రిక్వెస్ట్ అంటే బైటుకి 11 చొప్పున 88 బిట్లు. 9600 దగ్గర సుమారు 9 మిల్లీసెకన్లు. అంతలోపే డీఈ దించితే చివరనుండే తప్పుల తనిఖీ కోడ్ (సీఆర్‌సీ) తెగిపోయి మీటర్ మౌనం వహిస్తుంది. పైథాన్ లైబ్రరీ పైసీరియల్‌లో రైట్ తర్వాత ఫ్లష్ పిలిచి, ఆ తర్వాతే దించండి. అప్పటికీ జవాబు రాకపోతే మీటర్‌కి వెళ్లే ఏ, బీ వైర్లు తారుమారు చేసి చూడండి. కొందరు తయారీదారులు ఈ అక్షరాల్ని తిరగేసి ముద్రిస్తారు, మార్చినంత మాత్రాన ఏదీ పాడవదు.